మైసూరు జావా: ఇంటి షెడ్డులో మిగిలిన చరిత్ర

భారతదేశంలో పాత మోటారు సైకిళ్లను ఇళ్లలోనే విప్పి, తుప్పు వదిలించి, అరిగిన భాగాలు మార్చి మళ్లీ నడిపించే అలవాటు ముఖ్యంగా రెండు బళ్ల చుట్టూ పెరిగింది. మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ వాటిలో ఒకటి, మైసూరులో 1961 నుంచి తయారైన జావా మరొకటి. బుల్లెట్ నేటికీ తయారవుతూనే ఉన్నందున దాని విడిభాగాలకు పెద్ద కరువు రాలేదు. జావా కర్మాగారం మాత్రం 1996లో మూతపడింది. ఆ తర్వాత ఆ బండి చరిత్రను కొనసాగించినవారు మెకానిక్‌లు, లేత్ పనివారు, బండిని అమ్ముకోలేక ఇంటి వసారాలో దాచుకున్న యజమానులు.

జావా పుట్టిల్లు చెకొస్లొవేకియా. ఫ్రాంతిషెక్ యానెచెక్ అనే పారిశ్రామికవేత్త 1929లో జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ నుంచి మోటారు సైకిల్ తయారీ హక్కులు కొని, తన పేరులోని, ఆ సంస్థ పేరులోని తొలి అక్షరాలను కలిపి తన బండికి జావా అని పేరు పెట్టాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, జర్మన్ ఆక్రమణ కింద రహస్యంగా రూపకల్పన జరిగిన 250 సీసీ బండి యుద్ధం ముగిశాక వెలువడి ఐరోపాలో మంచి పేరు తెచ్చుకుంది. దాని తర్వాతి రూపమే, వెనుక చక్రానికి ఊగే చట్రం అమర్చిన మోడల్, మైసూరు జావాకు మూలమైంది.

బొంబాయిలో ఈ బళ్లను దిగుమతి చేసి అమ్ముతుండిన ఇరానీ కుటుంబానికి, 1950లలో దిగుమతులపై ప్రభుత్వ ఆంక్షలు బిగిసేసరికి, ఇక్కడే తయారు చేయడం తప్ప దారి లేకపోయింది. ఆ విధంగా ఏర్పడిన ఐడియల్ జావా సంస్థ మైసూరులో నెలకొల్పిన కర్మాగారాన్ని అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరు జయచామరాజ ఒడెయరు ప్రారంభించారు. 1973 నుంచి ఈ బళ్లు యెజ్డీ పేరుతో వెలువడ్డాయి. 1980ల మధ్యలో జపాన్ సంస్థల సహకారంతో వచ్చిన తేలికైన 100 సీసీ బళ్లు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడవడం, ఆపైన పొగపై నిబంధనలు కఠినం కావడం ఈ సంస్థను కుంగదీశాయి.

ఈ బండి ఇంటి మరమ్మతుకు ఎందుకు లొంగిందో తెలియాలంటే దాని ఇంజను నిర్మాణాన్ని చూడాలి. ఇది టూ-స్ట్రోక్ ఇంజను. అంటే వాల్వులు, వాటిని నడిపే క్యామ్ వంటి భాగాలు లేకుండా, పిస్టన్ కదలికతోనే సిలిండరు గోడలోని రంధ్రాలు తెరుచుకుని మూసుకుంటూ పనిచేసే యంత్రం. 65 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒకే పిస్టన్, దానికి రెండు సైలెన్సర్లు, పెట్రోలులోనే కలిపి పోసే ఆయిల్: ఇంత సరళమైన ఏర్పాటు కనుక కొద్దిపాటి పనిముట్లున్న మనిషి కూడా హెడ్డు విప్పి లోపల చూడగలడు. కిక్కు కొట్టే కడ్డీనే గేర్లు మార్చే కడ్డీగా మలచడం, గేరు మార్చినప్పుడు క్లచ్చి దానంతటదే వీడిపోవడం ఆ రూపకర్తల నేర్పుకు నిదర్శనాలు. అయితే సరళత వెనుక ఒక సూక్ష్మముంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మొదట క్రాంకు తిరిగే గదిలోకి వెళ్లి, అక్కడ ఒత్తిడికి గురై సిలిండరులోకి ఎక్కుతుంది కాబట్టి, క్రాంకు చివరలనున్న ఆయిల్ సీళ్లు ఎండి పగిలితే బయటి గాలి లోపలికి చొరబడుతుంది, మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న బండిని, సీళ్లు మార్చకుండా, కిక్కు కొట్టి నడపబూనడం అందుకే ప్రమాదం.

ఇంటి షెడ్డుకు హద్దులున్నాయి. క్రాంకు ముక్కలు ఒకదానిలో ఒకటి బిగువుగా దిగ్గొట్టి చేసినవి గనుక, కనెక్టింగ్ రాడ్డు అరిగితే ప్రెస్సు యంత్రంతో విడదీసి, మళ్లీ చేర్చి, వంకర లేకుండా సరిచూడవలసి ఉంటుంది. సిలిండరును రీబోరు చేయడం, అంటే అరిగిన గోడను కొంచెం వెడల్పుగా తొలిచి పెద్ద పిస్టన్ వేయడం, కూడా లేత్ షాపు పనే. ఇంటివారి ఓపికకూ బజారులోని చేతిపనికీ మధ్య నడిచిన ఈ రాకపోకలే ఆ విద్యను తరం దాటించాయి. దానికి పాఠ్యపుస్తకం లేదు. శిష్యుడు గురువు పక్కన కూర్చుని, ఇంజను చప్పుడు విని నేర్చుకున్న విద్య అది.

మరమ్మతు వేరు, పునరుద్ధరణ వేరు. మరమ్మతు బండిని నడిపిస్తుంది. పునరుద్ధరణ అది కర్మాగారం దాటి బయటికి వచ్చిన నాటి రూపాన్ని తిరిగి తేవాలని చూస్తుంది. చెక్ దేశంలో పాత జావాల భాగాలు ఈనాటికీ దొరుకుతున్నందున, మైసూరు బండికి వాటిని తగిలించి దాన్ని మరింత అసలైనదిగా చేశామనుకునేవారు ఉన్నారు. ఇది పొరపాటు. విదేశీ భాగాల స్థానంలో క్రమక్రమంగా స్వదేశీ భాగాలు చేరిన తీరే మైసూరు జావాకు సొంత చరిత్ర. వాటిని తీసివేస్తే ఆ చరిత్రకున్న ఆధారమే పోతుంది. పెట్రోలు ట్యాంకు పక్కల కొత్త క్రోమ్ పూత, దాని పైన మెరిసే ముదురెరుపు రంగు కంటికి ఇంపుగానే ఉంటాయి గాని, పాత రంగు పొర కింద ఏముందో చూడకుండా గీకివేయడం శాసనాన్ని చదవకుండా చెక్కివేయడంతో సమానం.

కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనలు కూడా ఈ దృష్టినే బలపరుస్తున్నాయి. 50 ఏళ్లు దాటి, చట్రంలోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా 20,000 రూపాయల రుసుముతో పదేళ్లకు నమోదు చేసుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లవచ్చు గాని నిత్య ప్రయాణానికి వాడరాదు. యెజ్డీ పేరుతో 1973లో వెలువడిన బళ్లు సైతం ఇప్పుడు ఆ వయసు దాటాయి. వాటిని తయారు చేసిన మైసూరు కార్మికులు ముసలివారయ్యారు. ఇంట్లో ఇలాంటి బండి ఉన్నవారు స్పానర్ పట్టే ముందు ఇంజను నంబరును, భాగాల మీది ముద్రలను, రంగు పొరలను ఫొటోలు తీసి, రాసి ఉంచాలి. ఆ కార్మికులలో ఎవరైనా అందుబాటులో ఉంటే వారికి తెలిసినది ఇప్పుడే అడిగి నమోదు చేయాలి.