పోయిన కిరీటము – నిలిచిన సంఘము

 ఈ వారము ఒక రాజ్యము చరిత్రను ధ్యానిద్దాము. అది జర్మనీలోని హానోవర్ రాజ్యము. ఈనాడు అది లేదు. ‘డోన్‌లో ఉన్న మాకు దానితో ఏమి పని?’ అని మీరు అడగవచ్చు. పని ఉన్నది, వినండి.

హానోవర్‌ను ఏలినది వెల్ఫ్ అనే వంశము. 1714లో ఇంగ్లండు రాణి ఆన్ వారసులు లేకుండా చనిపోయినప్పుడు, ప్రొటెస్టెంటు వారసుడని హానోవర్ ప్రభువును పిలిచి సింహాసనమెక్కించారు. ఆయనే మొదటి జార్జి. అప్పటినుండి 123 సంవత్సరాలు రెండు దేశాలకూ ఒక్కరే ప్రభువు. 1800లో నిజాము రాయలసీమలో చాలా భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినప్పుడు లండనులో రాజుగా ఉన్న మూడవ జార్జి ఈ వంశస్థుడే. 1814లో హానోవర్‌కు రాజ్యమనే హోదా వచ్చింది. మద్రాసు గవర్నరు మన్రో దొర 1827లో మన పత్తికొండలో కలరాతో చనిపోయాడు గదా, ఆయన కొలిచిన నాల్గవ జార్జి హానోవర్‌కు కూడా రాజే.

1837లో విక్టోరియా ఇంగ్లండుకు రాణి అయింది. అయితే వంశములో మగవాడుండగా స్త్రీ ఏలరాదని హానోవర్ చట్టము. కాబట్టి ఆమె చిన్నాన్న ఎర్నెస్ట్ ఆగస్టస్ అక్కడ రాజయ్యాడు. రాగానే రాజ్యాంగాన్ని కొట్టివేశాడు. ‘మేము దాని మీద ప్రమాణము చేశాము, మాట తప్పలేము’ అని గోటింగెన్ విశ్వవిద్యాలయములో ఏడుగురు పండితులు ఎదురు నిలిచి, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ ఏడుగురిలో పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరులిద్దరూ ఉన్నారు.

1851లో అతని కుమారుడు ఐదవ జార్జి సింహాసనమెక్కాడు. చిన్నతనములో జబ్బుతో ఒక కన్ను, తరువాత ప్రమాదములో రెండవ కన్ను పోయి ఆయన గుడ్డివాడయ్యాడు. భక్తిపరుడే. కాని తన వంశము ఎప్పటికీ ఏలుతుందని గట్టిగా నమ్మాడు. 1866లో ప్రష్యాకూ ఆస్ట్రియాకూ యుద్ధము వచ్చినప్పుడు తటస్థముగా ఉండమని ప్రష్యా అడిగితే ఒప్పుకోలేదు. జూన్ 27న లాంగెన్‌సాల్జా వద్ద ఆయన సైన్యము గెలిచింది. రెండు రోజులకే చుట్టుముట్టబడి లొంగిపోయింది. ఆ సంవత్సరమే ప్రష్యా హానోవర్‌ను కలుపుకున్నది. రాజు పరదేశిగా తిరిగి 1878లో పారిస్‌లో కన్నుమూశాడు.

ఇక అదే రాజ్యములో హెర్మన్స్‌బర్గ్ అనే పల్లె చూడండి. ఇసుక నేల, గొర్రెల మందలు. లూయీ హార్మ్స్ అనే పాస్టరు 1849లో అక్కడ మిషనరీలకు బడి పెట్టాడు. ఆ రైతుల కానుకలతో 1853లో మిషనరీల కోసమని ఒక ఓడనే కట్టించారు. ఆ మిషను పంపిన ఆగస్ట్ మిలియస్ 1865లో మన సూళ్లూరుపేటలో పని ప్రారంభించాడు. నాయుడుపేట, గూడూరు, కాళహస్తి, తిరుపతి, కోడూరు వరకు ఆ పని వ్యాపించింది. ఆయన వచ్చిన మరుసటి సంవత్సరమే ఆయన వెనుకనున్న రాజ్యము పోయింది. పని ఆగలేదు.

మొదటి ప్రపంచ యుద్ధములో బ్రిటిషు ప్రభుత్వము జర్మను మిషనరీలను నిర్బంధించి పంపివేసింది. అప్పటి బ్రిటిషు రాజు విక్టోరియా మనుమడే, ఆ హానోవర్ రక్తమే. ఒకే కుటుంబపు వారు యుద్ధములో చెరొక వైపు నిలిచారు. మన తెలుగు సంఘాలు మాత్రము చెదరలేదు. అమెరికాలోని ఒహాయో లూథరన్లు వాటి భారము వహించారు. నేడు అవి తిరుపతి కేంద్రముగా దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘముగా ఉన్నాయి.

ప్రియులారా, గుడ్డి రాజు తన వంశము మీద నమ్మకముంచాడు. ఆ రైతులు తమ పేరు ఎరుగని జనము కొరకు తమకున్న కొంచెము ఇచ్చారు. ఈ రెంటిలో ఏది మిగిలిందో చూశాము. మన సంఘాలలో కూడా పదవి కొరకు, కుటుంబ పెత్తనము కొరకు పోరాటాలున్నాయి. ఏది నిలుస్తుందో ఆలోచించి, మన చేతిలోనిది దానికే ఇద్దాము. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.