గడియారం లేని కారు ఖరీదు

నగ మార్పిస్తే తరుగూ, మజూరీ పోతాయి. కారు అమ్మితే సగానికి సగం పోతుంది. వాడిన వస్తువుకు విలువ తగ్గడం లోకరీతి. అయితే స్పోర్ట్స్ కార్ల ప్రపంచంలో ఈ రీతి తలకిందులయ్యే మూల ఒకటుంది. రెండు కార్లు ఒకే కర్మాగారంలో, ఒకే ఏడాది, ఒకే రూపురేఖలతో తయారవుతాయి. ఒకదాని పేరు చివర రెండక్షరాలు అదనంగా ఉంటాయి. అర్ధశతాబ్దం గడిచేసరికి ఆ రెండక్షరాల కారు రెండవదానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. ఇలాంటి కారు తాళంచెవి నా చేతికి వచ్చే యోగం లేదు కానీ, ఆ అక్షరాలకు అంత విలువ ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం నన్ను చాలాకాలంగా పట్టి ఉంచింది. చరిత్రను తిరగేస్తే నాకు దొరికిన జవాబు కాస్త విచిత్రమైనది. ఆనాడు కొనేవారు వద్దనుకున్నదే ఈనాడు ఖరీదైనది.

ఈ కథకు మూలం పందెపు నియమాల్లో ఉంది. మోటారు పందేలను శాసించే అంతర్జాతీయ సమాఖ్య, ఎఫ్.ఐ.ఎ., కొన్ని తరగతుల పోటీలకు ఒక షరతు పెట్టింది. పందెం కోసమే ఒంటరిగా తయారైన యంత్రం పనికిరాదు. అదే కారును ఇన్నింటికి తక్కువ కాకుండా తయారుచేసి ఉండాలి. అంటే గెలవాలనుకునే సంస్థ, సామాన్య వాహనచోదకుడికి అంతగా అక్కరలేని కార్లను లెక్క కోసమైనా చేసి, ఎవరో ఒకరికి అంటగట్టాలి. ఆ లెక్కే తరువాతి తరాలకు అరుదైన సంపద అయింది.

ఫెరారీ 250 జి.టి.ఓ.నే చూడండి. పేరు చివరి 'ఓ'కు ఇటాలియన్ భాషలో అర్థమే 'నియమానుసారం ఆమోదం పొందినది' అని. నిజానికి ఆ తరగతికి నూరు కార్లు ఉండాలి. ఇది కొత్త కారు కాదు, మా పాత 250 జి.టి.కే వేసిన కొత్త తొడుగు అని ఫెరారీ వాదించి ఆమోదం సంపాదించింది. 1962 నుంచి 1964 వరకు తయారైనవి 36 మాత్రమే. పందేలలో వాటి కాలం తీరిపోయాక అవి పాత పందెపు కార్లు, అంతే. వాటిలో ఒకదాన్ని అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు విక్టోరియా పట్టణంలోని ఉన్నత పాఠశాలకు, పిల్లలు మరమ్మతు పని నేర్చుకోవడానికి దానమిచ్చారు. 1972లో అది 6,500 డాలర్లకు అమ్ముడుపోయి, చాలా ఏళ్లు ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిసింది. అదే రకపు మరొక కారు 2018లో కాలిఫోర్నియాలో జరిగిన వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. యంత్రం మారలేదు. దాన్ని చూసే కన్ను మారింది.

జి.టి.ఓ. మరీ రాజులకథ. నా వాదానికి అంతకంటే దగ్గరి సాక్షి పోర్షే 911 కరేరా ఆర్.ఎస్. 2.7. 1972 అక్టోబరులో ప్యారిస్ ప్రదర్శనలో దీన్ని తొలిసారి చూపారు. నియమం కోరినవి 500 కార్లు. ఇంత పచ్చి పందెపు కారును 500 మంది కొంటారా అని అమ్మకాల విభాగానికే గుబులు. వెనుక బాతుతోకలా పైకి లేచిన రెక్క, 210 అశ్వశక్తి, గంటకు 245 కిలోమీటర్ల వేగం, ధర సుమారు 34 వేల మార్కులు. గుబులు నిజం కాలేదు. నవంబరు ముగిసేలోగా ఆ 500 అమ్ముడుపోయాయి. 1973 వేసవి నాటికి మొత్తం 1,580 తయారయ్యాయి.

అసలు తమాషా ఇక్కడుంది. కొనేవారి ముందు రెండు దారులు పెట్టారు. 700 మార్కులు అదనంగా ఇస్తే కారును మరింత తేలిక చేసి ఇస్తారు. వెనుక సీట్లు ఉండవు, తివాచీ ఉండదు, చెయ్యానించుకునే ఆసరా ఉండదు, కోటు తగిలించుకునే కొక్కెం ఉండదు, చివరికి గడియారం కూడా ఉండదు. అలా ఒలిచిన కారు బరువు 960 కిలోలు. మరో 2,500 మార్కులిస్తే ఆ సౌకర్యాలన్నీ తిరిగి పెట్టి, బరువు 1,075 కిలోలకు పెంచి ఇస్తారు. డబ్బిచ్చి గడియారం తీయించుకున్నవారు 200 మంది. ఎక్కువ డబ్బిచ్చి దాన్ని ఉంచుకున్నవారు 1,308 మంది. వారిది వివేకమే! దినమూ నడుపుకోవడానికి కారు కొన్నవారు మరేం చేస్తారు? కానీ కాలం ఆ 200 మందివైపు తీర్పు చెప్పింది. 2010 దశకం మధ్య నాటికి గడియారం లేని ఆర్.ఎస్.లు వేలంలో పది లక్షల డాలర్లను దాటాయి. గడియారం ఉన్నవి వాటి వెనుక నిలిచాయి.

ఈ మధ్యకాలంలో వాటిని కాపాడినవారెవరు? 1973 అక్టోబరులో మొదలైన చమురు సంక్షోభంతో వేగమంటేనే అపరాధమనిపించే రోజులొచ్చాయి. ఆ తరువాతి ఏళ్లలో ఆర్.ఎస్. అంటే మరొక పాత పోర్షే. అలాంటివాటిని చవకగా కొని, ఆదివారాలు పందేలలో తిప్పి, సోమవారం స్వయంగా ఇంజను విప్పుకున్నవారు వ్యాపారులు కారు, మోజుపడ్డ సామాన్యులు. చట్రం సంఖ్య, ఇంజను సంఖ్య, గేర్‌బాక్సు సంఖ్య కర్మాగారపు చిట్టాతో సరిపోతున్నాయా అని పోల్చి చూసే విద్యను పెంచిందీ వీరే. మామూలు 911కు బాతుతోక తగిలించి ఆర్.ఎస్. అని చెలామణీ చేయడం పెద్ద కష్టం కాదు గనుక, ఆ విద్య అవసరమైంది. వ్రాతప్రతుల పాఠపరిష్కర్తలకూ వీరికీ చుట్టరికం ఉందని నాకనిపిస్తుంది. మాతృక ఏది, ప్రతి ఏది, ప్రక్షిప్తం ఏది అన్నదే ఇద్దరి తపనా. విషాదమేమంటే, వారు నిర్మించిన ఆ జ్ఞానమే ధరకు పునాది అయి, ఆ ధరే వారిని కొనుగోలు వరసలోంచి బయటకు నెట్టింది.

1980 దశకం చివర డబ్బు ఈ వీధిలోకి వరదలా వచ్చింది. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ మరణించాక ఎఫ్40 ధర ఆకాశాన్నంటింది. మొదట నాలుగు వందలే చేస్తారనుకున్న ఆ కారు చివరికి పదమూడు వందలు దాటింది. అదే ఏడాది అక్టోబరులో బర్మింగ్‌హామ్‌లో జాగ్వార్ ఎక్స్‌.జె.220 నమూనాను చూపగా, ఆ తరువాత 50 వేల పౌండ్ల బయానాలు పట్టుకుని జనం ఎగబడ్డారు. వారిలో ఎందరో కారు కోసం కాక, వరసలోని చోటును అమ్ముకోవడం కోసం నిలబడినవారు. 1992లో కారు చేతికొచ్చే వేళకు బజారు కూలిపోయింది. పైగా చూపినది పన్నెండు సిలిండర్ల ఇంజను, ఇచ్చినది ఆరు సిలిండర్లది. కొంటామన్నవారు వెనక్కి తగ్గారు, తగాదాలు న్యాయస్థానాలకెక్కాయి. తయారైనవి మూడు వందల లోపే. సంఖ్య తక్కువైనంత మాత్రాన విలువ రాదని ఆ కారు నేర్పింది.

ఆ తరువాత తయారీదారులు తామే ఒక పాఠం నేర్చుకున్నారు. లెక్కను నియమం విధించనక్కరలేదు, తామే విధించుకోవచ్చు. 2013లో పోర్షే తన జి.టి.3 కారులో చేత్తో మార్చే గేర్లు తీసేసి, తనంతట మారే పెట్టె ఒక్కదాన్నే ఉంచింది. అభిమానులు నొచ్చుకున్నారు. 2016 మార్చిలో జెనీవాలో 911 ఆర్. వచ్చింది. 500 అశ్వశక్తి, మూడు పెడళ్లు, రెక్కలేని వీపు. సంఖ్య 991 మాత్రమే. జర్మనీలో ధర 1,89,544 యూరోలు. కొద్ది నెలల్లోనే మారుబేరంలో రెట్టింపూ, ముమ్మారూ అడగసాగారు. ఎందుకు? ఆ అనుభవం మరెక్కడా దొరకదన్న నమ్మకం. మరుసటి ఏడాది పోర్షే జి.టి.3లో అదనపు ఖర్చు లేకుండా చేతి గేర్లను తిరిగి ఇచ్చింది. ఆ శరదృతువులోనే రెక్కలేని రకాన్నీ తెచ్చింది. 911 ఆర్. ఎవరెస్టు దిగడం మొదలుపెట్టింది. కారులో ఒక్క మర కూడా తగ్గలేదు. తగ్గినది నమ్మకం.

రెండు రకాల అరుదుతనం మధ్య తేడా ఇదేనని నా అభిప్రాయం. ఆర్.ఎస్.ది అవసరం నుంచి పుట్టిన సంఖ్య. 1973 గడిచిపోయింది, దాన్ని ఇక ఎవరూ తిరిగి తయారుచేయలేరు. 911 ఆర్.ది సంకల్పం నుంచి పుట్టిన సంఖ్య. ఏ చెయ్యి గీత గీసిందో ఆ చెయ్యే చెరపగలదు. ఇంకొక తేడా కూడా ఉంది. జి.టి.ఓ. ఎన్ని పందేలు పరుగెత్తితే అంత కీర్తి, ఆ కీర్తే ధర. నేటి అరుదైన కారుకు తిరిగిన ప్రతి కిలోమీటరూ నష్టమే. అందుకే అవి పుట్టినప్పటి ప్లాస్టిక్ తొడుగులతోనే గోదాముల్లో వృద్ధులవుతున్నాయి. 2023లో 911 ఎస్.టి.ని 1,963 కార్లకు పరిమితం చేసినప్పుడు, అమెరికాలో మొదటి ఏడాది సొంతానికి ఇవ్వకుండా అద్దె ఒప్పందం మీదే ఇచ్చారు. కొన్న వెంటనే అమ్ముకునేవారిని ఆపడానికట! నడపండి మహాప్రభో అని తయారీదారు ఒప్పందం రాయించుకోవలసిన స్థితి.

పుస్తకప్రియులకు ఈ బాధ కొత్త కాదు. తొలి ముద్రణకు ధర పెరిగినకొద్దీ దాని పుటలు తిప్పేవారు తగ్గుతారు. నేను ధరల పెరుగుదలను తప్పుపట్టడం లేదు. ఆ ధర లేకపోతే ఆరుబయట తడిసిన జి.టి.ఓ.లను ఎవరూ ఉద్ధరించేవారు కాదేమో. కానీ గడియారం తీయించుకున్న ఆ 200 మందికి కావలసింది కొంచెం తేలికైన కారు, వంపు తిరిగిన దారి. యాభై ఏళ్ల తరువాత మనం లెక్కగట్టి వేలం వేస్తున్నది వారి ఆ చిన్న కోరికనే. దాన్ని తాళం వేసి దాచితే, ఇంతకీ మనం కొన్నది ఏమిటి? మిత్రులు ఏమంటారో వినాలని ఉంది.