రోగనిర్ధారణ నర్సు చేతికి వచ్చిన దారి

రోగ లక్షణాలను చూసి జబ్బేమిటో తేల్చే పని నర్సులది కాదని 1955లో అమెరికన్ నర్సుల సంఘమే తన నమూనా నిర్వచనంలో రాసుకుంది. మందు రాయడాన్ని కూడా అదే వాక్యంలో వృత్తి బయట పెట్టింది. పలు రాష్ట్రాలు ఆ మాటలనే చట్టాల్లో చేర్చుకున్నాయి. ఈరోజు అదే దేశంలో, అన్ని వయసుల రోగులను స్వయంగా చూసే ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కావడానికి రాసే పరీక్షలో రోగనిర్ధారణ ఒక ప్రధాన అంశం. ఈ మార్పు డాక్టరు అందని ఊళ్లలో మొదలైంది.

నిజానికి ఆ ఊళ్లలో నిర్వచనం కన్నా పని ముందే నడిచింది. మేరీ బ్రెకిన్‌రిడ్జ్ 1925లో కెంటకీ కొండల్లో ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ నెలకొల్పింది. గుర్రాల మీద వాగులు దాటి వెళ్లిన ఆ నర్సులు కాన్పులు చేశారు, జ్వరాలు చూశారు, గాయాలకు కట్లు కట్టారు. ఏ లక్షణానికి ఏం చేయాలో లెక్సింగ్టన్ వైద్యుల కమిటీ ముందుగానే రాసిచ్చిన సూచనల పుస్తకం వారి వెంట ఉండేది. కానీ ఎదుట ఉన్న రోగికి అందులోని ఏ పేజీ వర్తిస్తుందో తేల్చుకోవలసింది నర్సే. కాగితం మీద ఆ పనిని ఏమని పిలిచినా, అది రోగనిర్ధారణే.

1965లో ఈ పని విశ్వవిద్యాలయం గడప తొక్కింది. కొలరాడో పల్లెల్లో ప్రజారోగ్య నర్సుగా పనిచేసిన లొరెట్టా ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ కలిసి కొలరాడో విశ్వవిద్యాలయంలో పిల్లల నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ ప్రారంభించారు. బిడ్డను తల నుంచి పాదం దాకా పరీక్షించడం, ఎదుగుదలను అంచనా వేయడం, మామూలు జబ్బును ప్రమాదకరమైన దాని నుంచి వేరు చేయడం అందులో నేర్పారు. అదే ఏడాది మెడికేర్, మెడికెయిడ్ చట్టాలు రావడంతో లక్షలాది వృద్ధులకు, పేదలకు వైద్యం అందుబాటులోకి వచ్చింది. చూసే వైద్యులు మాత్రం చాల్లేదు. 1970లో ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ నడిపిన పాఠశాల కూడా కుటుంబమంతటినీ చూసే నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది.

వ్యతిరేకత వైద్యుల నుంచి మాత్రమే రాలేదు. నర్సింగ్ సిద్ధాంతకర్త మార్తా రోజర్స్ ఈ కొత్త పాత్రను గట్టిగా విమర్శించింది. నర్సులు తమ వృత్తిని వదిలి వైద్యుల పనిలోకి జారిపోతారన్నది ఆమె భయం. ఆ భయం నిరాధారమని తోసిపుచ్చలేం. కానీ జ్వరంతో వచ్చిన బిడ్డను నర్సు చూడకపోతే మరెవరూ చూడని చోట్ల దానికి పెద్దగా బలం లేదు.

చట్టం నెమ్మదిగా కదిలింది. రోగనిర్ధారణ, చికిత్స నర్సుల పరిధిలోకి రావచ్చని 1971లో మొట్టమొదట ఇడాహో రాష్ట్రం ఒప్పుకుంది. మిస్సోరీలో ఈ విషయం న్యాయస్థానానికి చేరింది. అక్కడి కుటుంబ నియంత్రణ క్లినిక్‌లలో నర్సులు వైద్యులు రాసిచ్చిన నియమావళి ప్రకారం పరీక్షలు చేసి, గర్భనిరోధకాలు ఇచ్చేవారు. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నారంటూ వైద్య మండలి చర్యకు సిద్ధపడింది. 1983లో రాష్ట్ర సుప్రీంకోర్టు నర్సుల పక్షాన తీర్పునిచ్చింది. తన జ్ఞానం ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకుని, అక్కడ రోగిని వైద్యుడికి పంపడం నర్సు బాధ్యత అని కూడా ఆ తీర్పు చెప్పింది.

రుజువులూ పోగయ్యాయి. కెనడాలోని బర్లింగ్టన్‌లో 1,598 కుటుంబాలను చీటీలు తీసినట్టుగా వైద్యుడికి, నర్స్ ప్రాక్టీషనర్‌కు పంచారు. 1974లో వెలువడిన ఫలితాల్లో రెండు వర్గాల ఆరోగ్యం ఒకే స్థాయిలో ఉంది. రోగులు వచ్చిన సందర్భాల్లో మూడింట రెండు వంతులు నర్సే వైద్యుడి అవసరం లేకుండా చూసుకోగలిగింది. అయినా నర్సు సేవకు బీమా రుసుము రాక ఆ క్లినిక్ ఆదాయం తగ్గింది. అమెరికాలో ఈ చిక్కు 1997 చట్టంతో కొంత వీడింది. వైద్యుడి రుసుములో 85 శాతం మెడికేర్ నర్స్ ప్రాక్టీషనర్‌కే నేరుగా చెల్లించే వీలు కలిగింది.

నర్సుకు ఇంత అధికారం ఇచ్చాక ఆమె సామర్థ్యానికి ప్రజలకు హామీ కావాలి. అందుకే 1970లలో జాతీయ ధ్రువీకరణ పరీక్షలు వచ్చాయి. పసికందు నుంచి వృద్ధుల దాకా అందరూ ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ దగ్గరికి వస్తారు కాబట్టి ఈ పరీక్ష పరిధి పెద్దది. గొంతు నొప్పినే తీసుకుంటే, జ్వరం, మెడ గ్రంథుల నొప్పి, టాన్సిళ్ల మీద తెల్లపొర ఉండి దగ్గు లేకపోతే స్ట్రెప్టోకాకస్‌ను అనుమానించి పరీక్ష చేయించాలి. దాన్ని వదిలేస్తే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోవచ్చు. దగ్గు, ముక్కు కారడం ఉంటే చాలామటుకు వైరసే, యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఇలా విడదీసి చూడగలగడమే ఆ ధ్రువీకరణ పరీక్షకు ప్రాణం.

ఇప్పుడు సగానికి పైగా అమెరికా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్లు వైద్యుడి పర్యవేక్షణ లేకుండానే రోగనిర్ధారణ చేసి మందులు రాస్తున్నారు. మిగిలిన వాటిలో వైద్యుడితో ఒప్పందమో, పర్యవేక్షణో తప్పనిసరి. భారతదేశంలో ఈ దారి ప్రసూతి సేవల వైపు నుంచి తెరుచుకుంది. తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు ఆ హోదాకు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని పేరు పెట్టాయి. సాధారణ కాన్పు ఎక్కడ ప్రమాదం వైపు మళ్లుతోందో గుర్తించి, సకాలంలో వైద్యుడికి అప్పగించడం ఆ శిక్షణలో కీలక భాగం.