పచ్చబొట్టు, కొలువు

మన ముసలమ్మల నుదుటిమీద, చేతులమీద ఉన్న పచ్చబొట్లు చూసి మన పిల్లలు సిగ్గుపడుతున్నారు. అదే పిల్లలు పట్నంపోయి డబ్బులిచ్చి టాటూ వేయించుకుంటే ఫ్యాషన్. ఈ సిగ్గు మన గూడేల్లో పుట్టింది కాదు. దానికీ ఒక చరిత్ర ఉంది.

ఆదిలాబాద్ గోండుల్లో పచ్చబొట్టు పొడవడం తోటి ఆడవాళ్ల పని. తోటి మగవాళ్లు కిక్రి వాయిస్తూ మన పెర్సాపెన్ కథలు చెబుతారు. ఆడవాళ్లు దీపపు మసి, సూదులు పట్టుకుని ఒంటిమీద గీస్తారు. చచ్చిననాడు ఒంటిమీది నగలన్నీ తీసేస్తారు, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని మా నానమ్మ అనేది. మైదానంలో ఈ పని ఎరుకల ఆడవాళ్లది. బుట్టలమ్ముతూ, సోది చెబుతూ ఊరూరూ తిరిగి పచ్చబొట్లు పొడిచేవాళ్లు. రైతుల ఇళ్లలో ముసలమ్మల చేతులు చూడండి, అవి ఒక్క అడవివే కావని తెలుస్తుంది.

మరి మచ్చ ఎక్కడ పడింది? ఇంగ్లీషువాళ్లు బెంగాల్‌లో 1797 నుంచి యావజ్జీవ ఖైదీల నుదుటిమీద వాళ్ల నేరాన్ని పచ్చబొట్టుగా పొడిపించారు. ఉత్తరాదిలో ఆడవాళ్ల అలంకారానికున్న పేరే, గోద్నా, ఈ శిక్షకూ పెట్టారు. ఆ శిక్షను 1849లో రద్దు చేశారు. అప్పటిదాకా ఖైదీలు తలపాగాలు కిందికి లాక్కుని నుదురు దాచుకునేవాళ్లు. తర్వాత 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది, 1911లో మద్రాసు రాష్ట్రానికీ పాకింది. ఎరుకలవాళ్లను ఆ జాబితాలో చేర్చి, పేర్లు రాసి, వేలిముద్రలు తీసుకున్నారు. ఊళ్ల ఆడవాళ్లకు పచ్చబొట్లు పొడిచిన జాతి పోలీసు రిజిస్టర్లోకి ఎక్కింది. ఆ చట్టం 1952 దాకా ఉంది. మన సిగ్గంతా దీనివల్లేనని నేను అనను. కానీ ఒంటిమీది గుర్తును చూసి మనిషిని అనుమానించడం సర్కారు కాగితాల్లో నేర్పిన చదువే.

ఇంకో చదువు కూడా ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపింది. ఆయన పూనుకోగా 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. మన భాష, మన వేషం బడికి అడ్డుకాదని అక్కడ ఒప్పుకున్నారు. అయినా అరవై ఏళ్లు తిరగకుండానే, నేను డి.ఎడ్. చదివే రోజుల్లో, మాతోటి అమ్మాయి ఒకామె టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లేముందు నుదుటి పచ్చబొట్టు మీద పౌడరు మందంగా రాసుకునేది. "పిల్లలు బొమ్మను చూస్తారు, పాఠం వినరు" అని ఆ బడిలో ఎవరో అన్నారట. పిల్లలు చూస్తారు, నిజమే. రెండో రోజు నుంచి చూడరు. టీచరు కొలువుకు పచ్చబొట్టు అడ్డని చెప్పే నోటిఫికేషన్ నేనైతే ఇంతవరకు చూడలేదు.

కుట్టించుకున్న చెవులదీ ఇదే కథ. సవర అవ్వల సాగిన చెవితమ్మెలు, కోందు ఆడవాళ్ల మూడు ముక్కుపోగులు కలెక్టరేట్ గోడమీది ఫొటోలో ముచ్చటగా ఉంటాయి. ఆ ఫొటో కింద కుర్చీలో గుమాస్తాగా కూర్చున్న అమ్మాయికి ఉంటే మాత్రం వింత.

యూనిఫాం కొలువులకు వెళ్లే పిల్లలు ఒకటి గమనించాలి. సైన్యంలో అందరికీ ముంజేయి లోపలివైపు, అరచేతి వెనకవైపు మాత్రమే పచ్చబొట్టు ఉండొచ్చు. ఆదివాసీ అభ్యర్థులకు తెగ ఆచారం ప్రకారం ఉన్నవైతే ఒంటిమీద ఎక్కడున్నా ఒప్పుకుంటారు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల నిబంధన వేరు: సెల్యూట్ చేయని ఎడమ ముంజేయి లోపలివైపు గానీ చేతి వెనకవైపు గానీ ఉండాలి, ఆ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు. మన ఆచారంలో పచ్చబొట్టు కుడి ఎడమలు చూసి పొడవరు కదా. అందుకే దరఖాస్తు పెట్టేముందు నోటిఫికేషన్లో టాటూ పేరా చదవండి. సైన్యానికి వెళ్లేవాళ్లు నానమ్మ పొడిపించినదానికీ, జాతరలో మిషనుతో వేయించుకున్న హీరో పేరుకూ తేడా ఉందని గుర్తుపెట్టుకోండి. ఆచారమనే వెసులుబాటు రెండోదానికి దొరకదు.