తేలినీలాపురం కొమ్మల మీద జంట కట్టే కాలం

తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయని శ్రీకాకుళం జిల్లాలో బడిపిల్లలు కూడా చెబుతారు. నిజానికి టెక్కలి మండలంలోని ఈ ఊరికి ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో చేరే గూడబాతులూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలూ మన దక్షిణాసియా పక్షులే. సైబీరియాలో అవి ఎక్కడా గూడు కట్టవు. ఇక్కడికి వచ్చేది జత కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని రెక్కలొచ్చేదాకా సాకడానికి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా వాటిని చూసుకునే ఊరివాళ్ళకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. పుస్తకాలకెక్కడానికే చాలా కాలం పట్టింది.

గూడబాతులు ఊరి నడుమ చెట్ల మీద, మనుషుల అలికిడికి బెదరకుండా గూళ్ళు కట్టడం కర్ణాటిక్ ప్రాంతంలో చూశానని పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డన్ 1860లలోనే రాశాడు. తర్వాత చాలాకాలం ఆ జాడ చెదురుమదురుగానే దొరికింది. 1902లో కడప జిల్లా బుచ్చుపల్లెలో రేనియస్ అనే ఆయన ఒక గూళ్ళ గుంపును చూశాడు. 1906లో మళ్ళీ వెళ్ళి చూశాడు. ఆ తర్వాత అది ఎవరి కంటా పడలేదు. నలభై ఏళ్ళకు, 1946లో, తాడేపల్లిగూడెం దగ్గరి ఆరేడులో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్‌కు వేల గూడబాతుల కొలువు కనిపించింది. ఇవన్నీ గూళ్ళు ఎక్కడున్నాయన్న వెతుకులాటలే. జత ఎలా కడతాయన్నది ఓపికగా కూర్చుని గమనించడం కొంగల విషయంలో 1960లలో పరిశోధకుడు ఫిలిప్ కాల్ వచ్చాకే గట్టిగా మొదలైంది.

ఆయన వివరించిన తీరు తెలిశాక గూళ్ళ చెట్టు కింద నిలబడితే పైన జరిగేది బోధపడుతుంది. మగకొంగ ముందుగా ఒక కొమ్మ పట్టుకుంటుంది. దగ్గరికొచ్చిన ప్రతి పక్షినీ, ఆడదాన్ని కూడా, తరిమేస్తుంది. ఆడకొంగ అంత తేలిగ్గా పోదు. ఒళ్ళు వంచి, రెక్కలు చాచి, నోరు తెరిచి మళ్ళీ మళ్ళీ వస్తుంది. మగదేమో రెక్క ఈకలు సవరించుకుంటున్నట్టు ముక్కు ఆడిస్తుంది. అది దువ్వుకోవడం కాదు, పిలుపు. ఒప్పుదల కుదిరాక రెండూ మెడలు ఎత్తుతూ దించుతూ పలకరించుకుంటాయి. కలిసే వేళ మగకొంగ ముక్కు టకటకలాడిస్తుంది. ఆ రోజుల్లో ముఖం మీది ఎరుపూ, రెక్కల గులాబీ రంగూ ముదురుతాయి. గూడబాతుల పద్ధతి వేరు. మగది గొంతు సంచి ఉబ్బించి, తలను పైకీ కిందికీ, ఆపై పక్కలకీ ఊపి, చివరికి వెనక్కి వీపు మీదికి వాలుస్తుంది.

ఆ తర్వాత అంతా పుల్లల బేరం. అంటార్కిటికా తీరంలో అడేలీ పెంగ్విన్‌కు గులకరాయి ఎంతో, ఇక్కడ ఎండుపుల్ల అంత. పెంగ్విన్ల సంసారాన్ని 1911-12లో అక్కడి కేప్ అడేర్‌లో యాత్రాబృంద వైద్యుడు లెవిక్ శ్రద్ధగా చూసి రాశాడు. అందులో కొంత భాగం అసభ్యమని పెద్దలు పక్కన పెట్టేయడంతో అది 2012 దాకా బహిరంగంగా అచ్చుకాలేదు. మన ఊళ్ళో అదే వ్యవహారం ఇళ్ళ ముందరి చెట్ల మీద పిల్లాపెద్దల ఎదుటే జరుగుతుంది. తప్పుపట్టినవాడు లేడు. నాకు ఇందులో గొప్ప సంస్కారం కనిపిస్తుంది.

జత కుదిరినంత మాత్రాన సరిపోదు, పిల్లలకు చేపలు కావాలి. వానలకు నిండిన చెరువులూ, నౌపడా ఉప్పునీటి మడుగులూ ఆ మేత ఇస్తాయి. నెల రోజులు తల్లీతండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. ఎండ ముదిరితే పెద్ద కొంగలు రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడతాయి. కొంగపిల్లలకు రెండు నెలలు, గూడబాతు పిల్లలకు ఇంకా ఎక్కువ కాలం గూడే దిక్కు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు వానాకాలం మొదట్లోనే దిగుతాయి. ఈ పక్షులొస్తే వానలూ పంటలూ బాగుంటాయని ఊళ్ళ నమ్మకం. 1972 వన్యప్రాణి చట్టం రాకముందునుంచీ వాటిని కాపాడింది ఆ నమ్మకమే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. సరిగ్గా గూళ్ళ కాలం. ఉద్దానం కొబ్బరితోపాటు పక్షులు వాలే పాత చెట్లు కూడా కూలిపోయాయి. కావలి మనుషులను పెట్టవచ్చు, ఎత్తు మంచెలు కట్టవచ్చు. పదుల గూళ్ళు మోసే చింతకొమ్మను మాత్రం ఏ నిధులతోనూ ఒక్క ఏడాదిలో తేలేం. అందుకే ఇప్పుడున్న ముసలి చెట్లను ఇంటి యజమానులు నరకకుండా ఏటా వాళ్ళకు పరిహారం ఇవ్వాలి, కొత్త మొక్కలు ఊరి నడుమే నాటాలి.