భీమ భోయి చివరి ఏళ్లు: పాట ఒకరిది, రాత ఇంకొకరిది

19వ శతాబ్దపు ఒడియా కవుల్లో భీమ భోయి పేరు తప్పక వస్తుంది. ఆయన కొంధు ఆదివాసి. ఆంధ్ర ఏజెన్సీలో మనం కోదులు అనే తెగ అదే. చూపు లేదు, పశువులు కాసి బతికాడు, బడి మెట్లెక్కలేదు.

ఆయన మీద నాటకం కట్టాలంటే ముందుగా తోచేవి గుడ్డితనం, గురువు దర్శనం, మహిమలు. కానీ నాటకానికి కావలసిన అసలు సంఘర్షణ ఆయన చివరి ఇరవై ఏళ్లలో ఉంది.

విగ్రహం వద్దు, కులం వద్దు, రూపం లేని దేవుడొక్కడే అని బోధించిన గురువు మహిమ గోసాయి 1876లో కన్నుమూశాడు. ఆ తర్వాత భీమ భోయి సోన్‌పూర్ దగ్గరి ఖలియాపాలిలో ఆశ్రమం పెట్టాడు. అక్కడ ఆడవాళ్లకూ చోటిచ్చాడు. తానూ సంసారిగానే ఉన్నాడు. జోరందా సన్యాసులకు ఇది నచ్చలేదు. 1881లో మహిమ ధర్మీయులు కొందరు పూరీ జగన్నాథ ఆలయంలోకి చొరబడ్డారు. దాంతో బయటివాళ్ల అనుమానమూ పెరిగింది. అటు సొంతవాళ్ల కోపం, ఇటు లోకం కోపం. ఆ రెండింటి మధ్యే ఆయన పాడుతూ పోయాడు.

ఆయన చెబుతుంటే లేఖకులు తాటాకుల మీద రాసేవారు. నలుగురికి ఒకేసారి నాలుగు పాటలు చెప్పేవాడని భక్తులు అంటారు. అది ఎంతవరకు నిజమైనా, ఒక్కటి మాత్రం ఖాయం. తన మాట ఆకు మీద ఎలా పడిందో ఆయన కళ్లతో చూసుకోలేడు. ఎవరైనా చదివి వినిపిస్తేనే తెలియాలి. 'స్తుతిచింతామణి' వంటి రచనలు అలా మనదాకా వచ్చాయి. 1895లో ఆయన ఖలియాపాలిలోనే కన్నుమూశాడు. తర్వాత ఆశ్రమాన్ని అన్నపూర్ణ నడిపింది.

ఆయన పాడింది ఒడియాలో, తన తెగ మాట అయిన కుయిలో కాదు. అందుకే ఆ పాటలు దూరం వెళ్లాయి. అందుకే ఆయన ఆదివాసి అన్న సంగతి మరుగున పడే వీలూ కలిగింది. తెలుగులో రాస్తున్న మనకూ ఈ లాభనష్టాలు రెండూ ఉన్నాయి.

కాబట్టి ఈ నాటకం బడిలో వేస్తే కవి పక్కన లేఖకుణ్ణీ నిలబెట్టండి. రాసింది తిరిగి చదివించండి. రేపు మన పిల్లలు ఊళ్లో అవ్వ పాట రాసుకుంటే, ముందు ఆమెకే చదివి వినిపించాలి. కింద ఆమె పేరు, తెగ, ఊరు రాయాలి. రాసినవాడి పేరు ఆ తర్వాతే.