గండి కొట్టిన పొలంలో చేపలు

ఇంగ్లండ్ తూర్పు తీరం. ఎసెక్స్‌లోని టోల్స్‌బరీ దగ్గర కరకట్ట మీద నిలబడ్డారు మీరు. ఆగస్టు ఉదయం. అటు పక్క పాత ఉప్పు పర్ర. ఇటు పక్క 21 హెక్టార్ల నేల, 1995 దాకా పంట పొలం. ఆ ఏడాది ఆగస్టులో కట్టకు కావాలనే గండి కొట్టి సముద్రాన్ని లోపలికి రానిచ్చారు.

ఎందుకంటారా? పర్ర ఉంటే అలల ఉరవడి చాలావరకు దాని మొక్కల్లోనే చచ్చిపోతుంది. ఈ తీరంలో ఆ పర్రే కోతకు గురవుతోంది. కొత్తది కావాలి.

ముందు పాతదాంట్లోకి దిగండి. నేల అడుగును మోస్తుంది. ఊదారంగు సీ లావెండర్ పూలు పిక్కలకు తగులుతున్నాయి. పాయలు చెట్టు కొమ్మల్లా చీలి, మళ్లీ చీలి పోతున్నాయి. వాటి ఒడ్డున బూడిదరంగు సీ పర్స్‌లేన్ పొదలు. వేళ్లకు గాలి ఆడే చోటే బతుకుతాయవి. మన కోస్తాలో ఇలకూర అనే మొక్క కూడా ఇక్కడుంది. ఓ ఆకు నమలండి. అదే ఉప్పదనం.

పోటు మొదలైంది. చేపల లెక్క తీయాలి. వల భుజాన వేసుకుని గండి దాటండి.

ఇక్కడ ఆకుల్లేని గ్లాస్‌వర్ట్, మధ్యలో జారుడు బురద. కర్ర దించండి. మెత్తగా దిగి, టక్కున ఆగింది. అది ఒకప్పటి దుక్కి నేల. ఏళ్ల తరబడి గట్టిపడ్డ ఆ పొర నీటిని సరిగా ఇంకనివ్వదు. పైన పేరుకున్న బురద ఆరదు.

మీ ముందున్న పాయ ఒకప్పటి పొలం కాలవ. నీరు మోకాళ్ల దాకా వచ్చింది. వల అవతలి కొస పట్టుకున్న మీ సహచరి గడియారం చూసుకుంటోంది. పెద్ద పోటు రోజుల్లో ఈ తీరంలో నీరు 4 మీటర్లకు పైగా లేస్తుంది.

"ఇంకొక్కసారి లాగుదామా?"

లాగుదామన్నారు మీరు.

ఎడమ కాలు రావడం లేదు. కుడి కాలి మీద బరువు వేశారు. అదీ దిగింది. నీరు తొడలకు. గుంజకండి. గుంజితే ఇంకా దిగుతారు. వెనక్కి వాలండి. చేతులు చాచండి. మడమ ఆడించండి. మెల్లగా. నీరు నడుముకు. బూటు వదిలేయండి. వదిలేయండి! కాలు వచ్చింది. పాకండి.

కట్ట మీద వల విప్పితే వెండి మెరుపులు. సీ బాస్ పిల్లలు, గోబీలు. పాత పాయలో లాగినా చాలావరకు ఇవే పడతాయి. నేల పాతదా కొత్తదా అన్న పట్టింపు వీటికి లేదు. పోటుతో వస్తాయి, మేస్తాయి, పాటుతో పోతాయి. గండి పడిన కొద్ది కాలానికే ఇలాంటి చోట్లకు చేరతాయి. మొక్కల సంగతి అలా కాదు, ఏళ్లు గడిచినా పాత పర్రకు సరితూగవు. చేపల్ని మాత్రమే లెక్కపెట్టి మార్కులు వేస్తే ఈ పొలం పాసైపోతుంది. బురదలో ఉండిపోయిన మీ బూటును అడిగితే ఒప్పుకోదు.

బకెట్లో నీళ్లు వేడెక్కకముందే కొలవండి. బాస్ పిల్ల, 4 సెంటీమీటర్లు. రాసుకోండి. నీళ్లలోకి వదలండి. తర్వాతది?